పదకొండుకు పదకొండు

మా ఆఫీసులో ఎండిపోయిన మార్కర్లను ఎవరూ పారెయ్యరు. ఇదేమంత పెద్ద ఫిర్యాదు కాదు. నేను పనిచేసే చోట ఇంతకంటే పెద్ద సమస్యలు ఉన్నాయి, వాటికి కమిటీలు కూడా ఉన్నాయి. కానీ నన్ను ఏళ్ళ తరబడి వేధిస్తున్నది మాత్రం ఇదే. మీటింగ్ గదిలో తెల్లబోర్డు కింది అరలో ఆరు మార్కర్లు ఉంటాయి. ఒకడు లేచి మొదటిది తీసి గీస్తాడు. బోర్డు మీద నీళ్ళ మజ్జిగ లాంటి గీత ఒకటి పడుతుంది. వాడు మార్కర్‌ను అనుమానంగా చూసి, మూత జాగ్రత్తగా బిగించి, మళ్ళీ అదే అరలో పెడతాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది రాస్తుంది. మర్నాడు ఇంకొకడు వచ్చి మళ్ళీ మొదటిదానితో మొదలుపెడతాడు. అందరూ ఇంజనీర్లే.

పోయిన వారం హర్ష ఆ పనే చేశాడు. హర్ష మా టీమ్‌లో కుర్రాడు, ఖమ్మం నుంచి వచ్చాడు, ఇక్కడ టెక్సాస్‌లో, కాపెల్ అనే ఊళ్ళో మా వీధికి రెండు వీధుల అవతల ఉంటాడు. అతను మూత బిగించబోతుంటే మార్కర్ లాక్కున్నాను. ఎండిపోయినా దానికి ఘాటు వాసన ఉంది. బల్ల మీదుగా చెత్తబుట్టలోకి విసిరాను. గోడకు తగిలి కింద పడింది.

"అన్నా, అది ఆఫీస్‌దన్నా" అన్నాడు హర్ష.

"చచ్చిపోయింది."

"చచ్చిపోతే చచ్చిపోయింది. అక్కడ ఉంటే నీకేం నొప్పి?"

లేచి వెళ్ళి, కింద పడ్డదాన్ని తీసి బుట్టలో వేసి వచ్చాను. ఆ వాసన మాత్రం వేళ్ళకు మిగిలింది. ఆ వాసన తగిలితే చాలు, నేను పడమటి టెక్సాస్‌లో కిటికీలు లేని ఒక గదిలో ఉంటాను. గోడ నిండా తెల్లబోర్డు, బల్ల మీద పొద్దుతిరుగుడు గింజల పొట్టుతో సగం నిండిన కాగితపు కప్పు, ఆ కప్పు వెనక కోచ్ టెంప్లిన్. ఆయన విసిరితే గురి తప్పేది కాదు.

కోచ్ టెంప్లిన్ గురించి మీరు విని ఉండరు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసేవాళ్ళు కూడా విని ఉండరు. ఆయన హెడ్ కోచ్ కాదు. ఎదుటి జట్టును ఆపే పని చూసే డిఫెన్స్ విభాగానికి పెద్ద కూడా కాదు. ఆ పెద్ద కింద ఉండే అసిస్టెంట్లలో ఒకడు. పెళ్ళిలో వంటవాడి పేరే ఎవరికీ గుర్తుండదు, ఇక ఉల్లిపాయలు తరిగినవాడి సంగతి అడగాలా. ఈయనది ఉల్లిపాయలు తరిగే స్థాయి. నేను ఆయన్ని కలిసేనాటికి పంతొమ్మిదేళ్ళుగా, ఏడు ఊళ్ళలో తరుగుతున్నాడు.

నేను ఆ ఏడో ఊళ్ళోని చిన్న యూనివర్సిటీకి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చెయ్యడానికి వెళ్ళాను. క్యాంపస్ బయట పనికి వీసా ఒప్పుకోదు. క్యాంపస్ లోపలి పనులన్నీ మాకంటే ముందొచ్చిన తెలుగువాళ్ళు పంచేసుకున్నారు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే హక్కు గుంటూరు వాళ్ళది. ఒకరు చదువు పూర్తి చేసి వెళ్తూ ఇంకొకరికి అప్పజెప్పేవారు, కరణీకం లాగా. లైబ్రరీ నిజామాబాద్ వాళ్ళ చేతిలో ఉండేది. నాది రాజమండ్రి. మాకు అక్కడ ఇలాకా లేదు. నా రూమ్మేట్ మల్లేశ్‌ది కరీంనగర్. అతనే ఒక రోజు కబురు తెచ్చాడు.

"ఫుట్‌బాల్ ఆఫీసుల ఎక్సెల్ తెల్సినోడు కావాల్నట. పోయి అడుగు రాదురా."

"నాకు ఫుట్‌బాల్ తెలీదు కదా."

"అడిగితే కొడ్తరా ఏంది?"

కొట్టలేదు. కోచ్ టెంప్లిన్ నన్ను కూర్చోబెట్టి మూడే ప్రశ్నలు అడిగాడు. ఆయన టెక్సాస్ ఇంగ్లీషును నేను తెలుగులో పెడుతున్నాను, నష్టం ఆయనకే.

"ఫుట్‌బాల్ తెలుసా?"

"కొంచెం" అన్నాను. నాకు తెలిసిన ఫుట్‌బాల్‌ను కాళ్ళతో ఆడతారు.

"కొంచెమా, అసలేమీ తెలియదా?"

"అసలేమీ."

"మొదటే ఆ మాట అని ఉంటే నాకొక ప్రశ్న మిగిలేది" అన్నాడు. "పేరు?"

"శేషగిరి. మీరు షెష్ అనొచ్చు."

"నేనడిగింది పేరు. డిస్కౌంట్ కాదు."

నా పేరును బోర్డు మీద నాలుగు ముక్కలుగా రాసుకుని నాలుగు రోజులు సాధన చేశాడు. ఐదో రోజు నుంచి సరిగ్గా పిలిచాడు. 'గి' మీద కొంచెం బరువు పడేది, అంతే. ఆ తర్వాత నేను పనిచేసిన అన్ని ఆఫీసుల్లోనూ నన్ను షెష్ అనే పిలిచారు, పిలుస్తున్నారు. పూర్తి పేరు ఖర్చు పెట్టిన అమెరికన్ ఆయనొక్కడే.

పని ఇది. వచ్చే శనివారం ఎవరితో ఆడబోతున్నామో వాళ్ళ పాత ఆటల ఫిల్ములు చూడాలి. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళకపోతే బంతి ఎదుటివాళ్ళది. ఒక్కో ఆటలో ఒక్కో ఎత్తుగడకు ఎక్సెల్‌లో ఒక వరస. ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు వెళ్ళాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తర్వాత బంతి పట్టుకుని పరిగెత్తారా, పాస్ విసిరారా. ఇలా ముప్ఫై గళ్ళు నింపాలి. ఆ షీట్ చూసి కోచ్ టెంప్లిన్, ఎదుటివాళ్ళు శనివారం ఏం చేస్తారో బుధవారమే చెప్పాలి. మన దగ్గర పరీక్షల ముందు 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' చెప్పే లెక్చరర్ ఉంటాడు కదా, సరిగ్గా ఆ ఉద్యోగం. తేడా అల్లా, లెక్చరర్ చెప్పినవి పరీక్షలో రాకపోతే కుర్రాళ్ళు ఫెయిలవుతారు. ఇక్కడ లెక్చరరే ఫెయిలవుతాడు.

మొదటి వారమే ఒక మార్కర్ రాయకపోతే మూత పెట్టి అరలో పెట్టాను.

"అదేంటి?" అన్నాడు.

"రాయడం లేదు."

"మరి అక్కడెందుకు పెట్టావు?"

అందరూ అక్కడే పెడతారు కాబట్టి పెట్టాను.

"అది చచ్చిందని నీకు తెలుసు. తర్వాత వచ్చేవాడికి తెలియదు. వాడితో ఒక అబద్ధం ఆడి వెళ్ళిపోతున్నావు" అని, దాన్ని తీసి, కుర్చీలోంచి లేవకుండానే గది అవతలి మూల ఉన్న బుట్టలోకి విసిరాడు. మార్కర్‌లో ఇంత ధర్మశాస్త్రం ఉంటుందని నాకు తెలియదు. ఉందని ఒప్పుకోవడానికి ఇంకొన్ని నెలలు పట్టింది.

సెప్టెంబరులో ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచాడు. ఆయన భార్య రెనే తలుపు తీస్తూనే, "నువ్వు మాంసం తినవని చెప్పాడు. అందుకని బీన్స్‌లోంచి పందిమాంసం ముక్కలన్నీ ఏరేశాను" అంది. నాకు మొక్కజొన్న రొట్టె అంటే చాలా ఇష్టమని చెప్పి అదే తిన్నాను. ఆ మాట ఆవిడ నమ్మేసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా నాకోసం ప్రత్యేకంగా ఒక పళ్ళెం మొక్కజొన్న రొట్టె చేసేది. మర్యాద కోసం ఆడిన అబద్ధాన్ని ఏడాదంతా తిన్నాను.

కుర్చీలు తేవడానికి ఆయనతో గరాజ్‌లోకి వెళ్ళాను. గోడకు ఆనించి, మడిచిన అట్టపెట్టెలు దొంతరగా ఉన్నాయి. ప్రతిదాని మీదా నల్లమార్కర్‌తో 'కిచెన్', 'పుస్తకాలు' అని ఉంది. వాటి కింద ఊళ్ళ పేర్లు. ఒక పేరు కొట్టేసి ఇంకోటి, అది కొట్టేసి ఇంకోటి. నేను చూస్తుండటం గమనించి, "నా రెజ్యూమె" అన్నాడు. వేలితో ఒక్కో పేరూ చూపిస్తూ చెప్పుకొచ్చాడు. మొదటి ఊరు, మోకాలు విరిగి ఆట మానేశాక దొరికిన పని. స్టేడియం మెట్ల కింద గది, ఆటగాళ్ళ బట్టలు లాండ్రీకి మొయ్యడం, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎవరెవరి మేనమామల్నో తీసుకురావడం. రెండో ఊళ్ళో లైన్‌బ్యాకర్లకు, అంటే డిఫెన్స్‌లో రెండో వరసవాళ్ళకు, కోచ్ అయ్యాడు. రెండేళ్ళకు హెడ్ కోచ్‌ను తీసేశారు. మూడోది పెద్ద యూనివర్సిటీ, వాళ్ళిచ్చిన గొప్ప జీపు, గొప్ప టోపీ. కానీ ఆయన హోదాకి నిబంధన ఏమిటంటే, ఫిల్ములు చూసి నోట్సు రాయొచ్చు గానీ మైదానంలో ఆటగాళ్ళకు ఒక్క ముక్క నేర్పకూడదు. "రెండేళ్ళు ఆ పిల్లల పక్కనుంచి నడిచాను, మాటలు లేని చుట్టంలా" అన్నాడు.

నాలుగో ఊరి దగ్గర వేలు ఆగింది. అక్కడ ఉన్నప్పుడు జట్టులోకి ఒక కుర్రాణ్ణి తీసుకుందామని వాళ్ళింటికి వెళ్ళాడట. వాళ్ళమ్మ పీచ్ పళ్ళతో చేసే 'పై' కోసి పెట్టింది. తింటుండగా ఫోన్ వచ్చింది. హెడ్ కోచ్‌ను తీసేశారు, అసిస్టెంట్లందరూ కూడా ఇంటికే.

"అప్పుడేం చేశారు?"

"'పై' తినడం పూర్తి చేశాను. ఆవిడ చాలా బాగా చేసింది. తర్వాత, మీ అబ్బాయిని మావాళ్ళు బాగా చూసుకుంటారో లేదో నాకిప్పుడు తెలియదు, ఎందుకంటే మావాళ్ళు అంటూ ఎవరూ లేరు అని చెప్పి వచ్చాను."

ఐదు, ఆరు ఊళ్ళ గురించి చెప్పలేదు. ఆ కథ కూడా అదేనట, 'పై' మాత్రం లేదట. చదువయ్యాక వీసా మీద పనిచేసే మమ్మల్ని కంపెనీ వద్దంటే మేం దేశమే వదలాల్సి వస్తుందని నేను చెప్పాను. కుర్చీ ఒకటి నా చేతికిస్తూ, "అయితే మాకు నయమే. దేశాన్ని మాకే ఉంచుతారు" అన్నాడు.

భోజనాల దగ్గర ఆయన కూతురు కేసీ ఉంది. పదిహేడేళ్ళు, హైస్కూల్లో చివరి సంవత్సరం. ఆరు స్కూళ్ళు మారింది. ఏ స్కూల్లోనైనా మొదటి రోజు కష్టమైనది లెక్కలు కాదనీ, లంచ్ బల్ల దగ్గర ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడమనీ నాతో చెప్పింది. ఫిర్యాదులా కాదు, వాతావరణం చెప్పినట్టు. ఈ ఒక్క స్కూలూ ఇక్కడే పూర్తవుతుందని తండ్రి మాట ఇచ్చాడు. ఆ మాట ఎంత గట్టిదో బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు. ఇల్లు యూనివర్సిటీది, ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. హెడ్ కోచ్‌కు ఇది గండం సంవత్సరం.

"గరాజ్‌లో అట్టపెట్టెలు రేపు రీసైక్లింగ్‌కి వేసేస్తున్నా" అంది కేసీ, నా వైపు తిరిగి. "సాక్షివి నువ్వే."

రెనే భర్త వైపు చూసింది. ఆయన తన రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. "వేసెయ్" అన్నాడు, తల ఎత్తకుండా. మర్నాడు వేసేసింది.

నవంబరు వచ్చేసరికి ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే హెడ్ కోచ్ ఉంటాడు, అతను ఉంటే అందరూ ఉంటారు. ఇది రహస్యమేమీ కాదు, ఊళ్ళో మంగలి కూడా చెప్పేవాడు. ఆ వారం కోచ్ టెంప్లిన్ ఒక్క ప్రశ్న మీద పడ్డాడు. మూడో ప్రయత్నం, ఇంకో రెండు మూడు గజాలే వెళ్ళాలి. అలాంటప్పుడు ఎదుటివాళ్ళు పరిగెత్తుతారా, పాస్ విసురుతారా? నా షీట్‌లో దానికి అందమైన జవాబు కనిపించింది. వాళ్ళ వరస చివర నిలబడే పొడుగు మనిషి ఒకడు ఉంటాడు, టైట్ ఎండ్ అంటారు. అతను చెయ్యి నేలకు ఆనించి వంగితే పరుగు. నిటారుగా నిలబడితే పాస్. చెయ్యి కింద ఉన్న పదకొండు సార్లూ, పదకొండుకు పదకొండు, పరుగే.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. షీట్‌లో అలాంటి ఎత్తుగడలు మొత్తం పదిహేను, అందులో పదకొండు పరుగులు, నాలుగు పాస్‌లు. ఆ నాలుగూ ఒకే ఊరి ఫిల్ములోవి. అక్కడ కెమెరా తిప్పేవాడికి అంతా ఆలస్యమే. ఎత్తుగడ మొదలయ్యాక గానీ అతని చిత్రం మొదలయ్యేది కాదు. అంటే ఆ నాలుగింట్లోనూ టైట్ ఎండ్ వంగాడో, నిలబడ్డాడో నేను చూడలేదు. గళ్ళు నాలుగూ ఖాళీగా ఉండిపోయాయి. ఖాళీ గడి చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ గుండె దడ. మా మేష్టర్లందరూ పరీక్ష హాలు గుమ్మంలో చెప్పిన ఆఖరి ఉపదేశం ఒకటే: 'తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి రాయండి, ఖాళీ మాత్రం వదలొద్దు.' ఇంజనీరింగ్ ల్యాబ్‌లో అయితే ఇంకా నయం. రావాల్సిన జవాబు ముందే తెలుసు కాబట్టి, రికార్డు పుస్తకంలో కింది నుంచి పైకి రీడింగులు రాసుకుంటూ వచ్చేవాళ్ళం. నేను అందులో ఫస్ట్. ఇక్కడా అదే చేశాను. పాస్ విసిరారు కాబట్టి నిటారుగానే నిలబడి ఉంటాడు అని నాలుగు గళ్ళలోనూ 'నిటారు' అని నింపేశాను. షీట్ చూడముచ్చటగా తయారైంది.

శనివారం. రెండు నిమిషాల ఆట ఉంది. మేం మూడు పాయింట్లు ముందున్నాం. వాళ్ళకు మూడో ప్రయత్నం, రెండు గజాలు. టైట్ ఎండ్ వంగి చెయ్యి నేలకు ఆనించాడు. గీత బయట నిలబడ్డ కోచ్ టెంప్లిన్ పిడికిలి బిగించి సైగ చేశాడు. పరుగును ఆపడానికి, వెనక కాపలా ఉన్న చివరి మనిషి కూడా ముందుకు ఉరికాడు. టైట్ ఎండ్ లేచి, అతని పక్క నుంచి తీరిగ్గా వెళ్ళిపోయాడు. బంతి గాల్లో వచ్చేసరికి ఆ పొడుగు మనిషి చుట్టూ ఎవరూ లేరు. కుటుంబమంతా ఫొటో దిగడానికి సరిపడా చోటు ఉంది. ఆ ఒక్క ఎత్తుకు వాళ్ళకు ఏడు పాయింట్లు వచ్చాయి, నాలుగు పాయింట్లతో ఓడిపోయాం.

ఆదివారం పొద్దున కోచ్‌లందరూ ఫిల్ము చూశారు. రిమోట్ నా చేతిలో ఉంది. ఆ ఎత్తుగడ దగ్గర డిఫెన్స్ పెద్ద ఆపమన్నాడు.

"చెయ్యి కింద పెడితే పరుగేనని ఎవడు చెప్పాడు?"

"నేను" అన్నాడు కోచ్ టెంప్లిన్. నా వైపు చూడలేదు. షీట్ నాదని ఆ గదిలో సగం మందికి తెలుసు. "నా మాటే. తర్వాతది వెయ్యి, శేషగిరీ."

తర్వాతది వేశాను. మధ్యాహ్నానికి హెడ్ కోచ్‌ను తీసేశారు.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి ఆయన తలుపు మీది పేరు పలకకు స్క్రూలు విప్పుతున్నాడు. అప్పటికి ఆయనకు షీట్ తప్పిందనే తెలుసు, ఎలా తప్పిందో తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. నేను అప్పటికే మెట్ల మీద నుంచి రెండుసార్లు వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చినవాణ్ణి.

"కోచ్, అందులో నాలుగు గళ్ళు నేను చూసి నింపినవి కావు."

ఎందుకలా చేశావని అడుగుతాడని ఒక పేరా ఇంగ్లీషు తయారుచేసుకుని వచ్చాను. ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, "ఏ నాలుగు?" అన్నాడు.

చూపించాను. ప్రతి ఆటకూ రెండో ఫిల్ము ఒకటి ఉంటుంది, మైదానం చివరి నుంచి, ఎత్తు మీంచి తీసింది. మాకు అది ఆలస్యంగా అందుతుంది గనక నాలాంటివాళ్ళు తెరవరు. ఆయన తెరిచాడు. మొదటి దాంట్లో టైట్ ఎండ్ నిటారుగానే ఉన్నాడు. రెండో దాంట్లోనూ అంతే. మూడో దాంట్లో ఒక రిఫరీ వీపు అడ్డం వచ్చింది, ఏమీ కనపడలేదు. నాలుగో దాంట్లో వంగి, చెయ్యి నేలకు ఆనించి, లేచి, పాస్ పట్టుకున్నాడు. శనివారం మా మీద వేసిన ఎత్తే. ఎనిమిది వారాల ముందే వేసి చూపించారు.

దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు. "ఆ గడి ఖాళీగా ఉంటే నేను ఇది తెరిచేవాణ్ణి" అన్నాడు. అంతే. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది, కోప్పడేవాళ్ళ దగ్గర నాకు అనుభవం ఉంది.

తర్వాత ఎందుకని అడిగాడు. పరీక్షల సంగతి, ల్యాబ్ రికార్డుల సంగతి చెప్పాను. గింజలు నములుతూ శ్రద్ధగా విన్నాడు.

"మీ దగ్గర ఖాళీకి మార్కులు లేవా?"

"లేవు."

"నా దగ్గర ఉన్నాయి. ఆ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది. ఇంకోటి. పదకొండుకు పదకొండు అని చూసి నేను సంతోషించాను. పంతొమ్మిదేళ్ళలో ఏ మనిషీ ఏ పనీ పదకొండుకు పదకొండు సార్లు చెయ్యగా చూడలేదు. అయినా అడగలేదు. ఆ తప్పు నాది." కప్పులో ఉమ్మాడు. "హెడ్ కోచ్ పోవడానికి మూడేళ్ళు పట్టింది. అంతా నీ నాలుగు గళ్ళ వల్లే అనుకుంటే నీకు నువ్వే ప్రమోషన్ ఇచ్చుకున్నట్టు. కూర్చో. సరిచెయ్యి."

"ఎవరికోసం? అందరూ వెళ్ళిపోతున్నారు కదా."

"కొత్తవాళ్ళు వచ్చి ఆ ఫోల్డర్ తెరుస్తారు. రాయని మార్కర్ అరలో పెట్టి పొమ్మంటావా?"

కూర్చున్నాను. రెండు గళ్ళు అలాగే ఉంచి, ఒకటి మార్చి, రిఫరీ అడ్డం వచ్చినదాన్ని ఖాళీ చేశాను. నా జీవితంలో నేను తెలిసి తెలిసి వదిలిన మొదటి ఖాళీ అది. ఆయన వెనక నిలబడి చూసి, సేవ్ చెయ్యమని చెప్పి, మిగతా రెండు స్క్రూలు విప్పుకోవడానికి వెళ్ళాడు.

డిసెంబరులో ఇల్లు ఖాళీ చేశారు. అట్టపెట్టెలు లేవు కదా. నేనూ మల్లేశూ ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి, నూడుల్స్ పెట్టెలూ అరటిపళ్ళ పెట్టెలూ పోగుచేసి పట్టుకెళ్ళాం. గుమ్మంలో కేసీ చేతిలో కాగితం పట్టుకుని ఎవరు ఏది మొయ్యాలో చెబుతోంది. నన్ను చూడగానే, "నువ్వు వాషింగ్ మెషీన్" అంది. అది అయ్యాక పుస్తకాలు, ఆ తర్వాత ఫ్రీజర్. మల్లేశ్ దీపాల మీద వేసే గొడుగులు రెండు పట్టుకుని నా పక్కన నడుస్తూ, "ఆ పిల్లకు నీ మీద మస్తు గురి ఉన్నట్టుంది రా. నన్నైతే మనిషిగ లెక్క జేస్తలేదు" అన్నాడు. నాకు అప్పుడు కొంచెం గర్వంగానే అనిపించింది.

కోచ్ టెంప్లిన్ ఒక నూడుల్స్ పెట్టె మీద 'కిచెన్' అని రాసి, దాని కింద కొత్త ఊరి పేరు రాయబోతుంటే మార్కర్ అయిపోయింది. బుట్ట కోసం చుట్టూ చూశాడు. బుట్ట అప్పటికే లారీలో ఉంది. మార్కర్‌ను జేబులో వేసుకున్నాడు.

ఆ కొత్త ఊరు ఎనిమిదోది, ఆఖరిది కూడా. మూడు గంటల దూరంలో చిన్న హైస్కూలు. పొద్దున జాగ్రఫీ పాఠం, మధ్యాహ్నం డిఫెన్స్‌కు అసిస్టెంట్ కోచ్. ఆ వృత్తిలోవాళ్ళ లెక్కలో అది కిందికి దిగడమే. అక్కడే పద్నాలుగేళ్ళు ఉన్నాడు. నేను చదువు ముగించి, ఉద్యోగాలు మారి, కాపెల్‌లో స్థిరపడి, ఏటా ఆగస్టులో ఆట మొదలయ్యే ముందు ఫోన్ చేసేవాణ్ణి. "లైన్‌బ్యాకర్లు నెమ్మది. గోదావరి డెల్టా మాత్రం తడుముకోకుండా గీస్తారు" అనేవాడు. ఒక రాజమండ్రివాణ్ణి నమ్మినందుకు ఆయన చేసుకున్న ప్రాయశ్చిత్తమో ఏమో, ప్రతి ఏడాదీ ప్రశ్నపత్రంలో గోదావరి ఉండేది. పడమటి టెక్సాస్‌లో ఈ రోజున పశువుల లారీలు నడిపే కొందరికి గౌతమి, వశిష్ఠ అంటే ఏమిటో తెలుసు.

నాకు ఆయన ఇచ్చింది ఇంకా చిన్నది. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ విడుదలకు ముందు ఒక షీట్ తిరుగుతుంది. ఏ భాగం సరిగ్గా ఉందో దానికి పచ్చ, లేనిదానికి ఎరుపు. నాకు తెలియనిదాన్ని నేను ఖాళీగా వదులుతాను. మార్కర్ గొడవ జరిగిన రోజునే హర్ష నా వరస చూసి కంగారుపడ్డాడు.

"అన్నా, ఒకటి ఖాళీగుంది. పచ్చ కొట్టెయ్యనా?"

"టెస్ట్ చేశావా?"

"లేదు. కానీ ఖాళీ వదిలితే మేనేజర్ అడుగుతడు."

"అడగాలనే వదిలాను."

హర్ష నన్ను చూసిన చూపు, నేనొకప్పుడు మార్కర్ విషయంలో కోచ్‌ను చూసిన చూపే. తొందరేమీ లేదు. నాకూ ఒక సీజన్ పట్టింది.

పోయిన నెల కోచ్ టెంప్లిన్ రిటైరయ్యాడు. స్కూలు భోజనశాలలో మధ్యాహ్నం విందు. నేను ఒక డజను కొత్త మార్కర్లు బహుమతిగా పట్టుకెళ్ళాను. పెట్టె తెరిచి, ఒక్కోటీ నాప్‌కిన్ మీద గీసి చూశాడు. తొమ్మిదోది రాయలేదు. మూడు బల్లల అవతల ఉన్న బుట్టలో పడింది. రెనే నా ముందు మొక్కజొన్న రొట్టె పెట్టింది. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నాలుగు గళ్ళ కథ మొత్తం చెప్పాను. ఆ రోజు ఆయన ఎవరి దగ్గరా నా పేరు ఎత్తలేదనీ, ఎత్తి ఉంటే నేను ఇంత భయం లేకుండా 'తెలియదు' అనగలిగేవాణ్ణి కాననీ చెప్పాను. జనం నేను అనుకున్న చోట నవ్వలేదు, అనుకోని చోట కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మాత్రం పైకప్పు వైపు చూస్తూ గింజలు నమిలాడు.

తర్వాత కాఫీ దగ్గర కేసీ కనిపించింది. ఇప్పుడు ఆమె నర్సు, ఇద్దరు పిల్లలు. పదేళ్ళుగా ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో ఉంటోందని రెనే చెప్పింది.

"ఇన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను" అన్నాను.

"నాకు తెలుసు. ఆ సోమవారం సాయంత్రమే నాన్న మాకు చెప్పాడు. బయట అనొద్దన్నాడు."

"అంటే, సామాను మోసిన రోజు నీకు..."

"మరి వాషింగ్ మెషీన్ నీకెందుకిచ్చాననుకున్నావ్?"

నేను నవ్వాను. ఆమె కప్పులో పాలు పోసుకుంటోంది.

"ఆ కొత్త స్కూల్లో జనవరిలో చేరి మేలో హైస్కూలు ముగించాను. పట్టాలిచ్చిన రోజు నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి పేరు నాకిప్పటికీ తెలియదు."

ఏదో ఒకటి అనాలి గనక అన్నాను. పాత అలవాటు. "మీ నాన్న మాత్రం నన్ను ఎప్పుడో క్షమించేశాడు."

"అవును, నాన్న క్షమించాడు" అంది కేసీ. "నన్నెవరూ అడగలేదు."